మట్టిలో దొరికిన కళ్లెం: పాత గుర్రపు సామానును గుర్తించేదెలా?

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో మెల్సన్‌బీ అనే ఊరుంది. 2021 డిసెంబరులో ఆ ఊరి సమీపంలోని పొలంలో ఒక వ్యక్తి మెటల్ డిటెక్టర్‌తో వెతుకుతుండగా లోహపు వస్తువుల కుప్ప ఒకటి తగిలింది. ఆయన తవ్వకాన్ని అక్కడితో ఆపి, పురావస్తు నిపుణులకు కబురు చేశారు. మరుసటి ఏడాది డరమ్ విశ్వవిద్యాలయ పురావస్తు విభాగం, బ్రిటిష్ మ్యూజియం సహకారంతో ఆ చోటును పద్ధతి ప్రకారం తవ్వింది. 2025 మార్చిలో వివరాలు ప్రకటించేనాటికి వస్తువుల లెక్క 800 దాటింది. ఏడుకు పైగా బండ్లు లేదా రథాలకు చెందిన భాగాలు, కనీసం 14 గుర్రాలకు కట్టిన సామాను, వంచేసిన చక్రాల ఇనుప పట్టాలు, ఈటెలు, ఒక పెద్ద కాగు, పానీయం కలిపే పాత్ర అందులో ఉన్నాయి. గుర్రపు సామానులో కొన్నింటిని మధ్యధరా సముద్రపు పగడంతోను, రంగు గాజుతోను అలంకరించారు. వీటి వయసు సుమారు రెండు వేల ఏళ్లు.

రోమన్లు దక్షిణ బ్రిటన్‌ను జయిస్తున్న కాలంలో ఉత్తరాదిన ఇంత సంపన్నులైన పాలకులున్నారని ఈ నిధి చెబుతోంది. ఆ వస్తువులన్నీ గోనెసంచిలో చేరి, ఒక్కొక్కటిగా అమ్ముడుపోయి ఉంటే, ఎనిమిది వందల అందమైన ముక్కలు మిగిలేవి. ఏది దేని పక్కన ఉందో తెలియకపోతే, గుర్రాల లెక్కగాని బండ్ల లెక్కగాని తేల్చడం ఎంతో కష్టమయ్యేది. వస్తువులు చిక్కుపడి గడ్డకట్టిన ఒక ముద్దను విడదీయకముందే సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రే స్కానింగ్ చేసి లోపల ఏముందో చూశారు. పురావస్తు శాస్త్రంలో గుర్తింపు అనే పని వస్తువును చేతిలోకి తీసుకున్నాక మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మట్టిలో ఉండగానే మొదలవుతుంది.

బ్రిటన్‌లో మెటల్ డిటెక్టర్‌తో పొలాల్లో తిరగడం వేలాది మందికి సెలవురోజు కాలక్షేపం. వారికి దొరికే లోహపు ముక్కల్లో గుర్రాలకు సంబంధించినవి చాలా ఎక్కువ. మోటారు వాహనాలు వచ్చేదాకా దుక్కి, రవాణా, యుద్ధం, ప్రయాణం అన్నీ గుర్రం మీదే నడిచాయి కనుక ఇందులో వింత లేదు. నడుస్తున్న గుర్రం మీద నుంచి బకిల్ ఊడిపోతుంది, అలంకార బిళ్ల జారిపోతుంది. లాయంలోని గడ్డిలో పడిన చిన్న ముక్క పెంటతోపాటు బండెక్కి పొలానికి చేరుతుంది. ఆ తర్వాత నాగలి దాన్ని ఏడాదికోసారి కదుపుతూ ఉంటుంది. అందుకే రాజప్రాసాదాల ఛాయలు లేని మారుమూల చేలల్లో కూడా బంగారు పూత పూసిన అశ్వాలంకారాలు దొరుకుతుంటాయి.

యంత్రం చెప్పేది సగమే

డిటెక్టర్ చుట్టలో ప్రవహించే విద్యుత్తు, మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తుంది. నేలలో లోహముంటే ఆ క్షేత్రం వల్ల దానిలో సుడులు తిరిగే ప్రవాహాలు పుడతాయి. వాటి ప్రతిస్పందనను యంత్రం పసిగట్టి శబ్దంగా మారుస్తుంది. లోహపు స్వభావం గురించి స్థూలంగా ఒక అంచనా ఇస్తుంది. అంతకుమించి చెప్పలేదు. పన్నెండో శతాబ్దపు పతకానికీ, నిన్నటి శీతలపానీయపు డబ్బా మూతకూ అది ఒకే ఉత్సాహంతో కూత పెట్టవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. తుప్పు పట్టిన మేకులతో విసిగిపోయి చాలామంది ఇనుమును పట్టించుకోకుండా యంత్రాన్ని సరిచేసుకుంటారు. దాంతో ఇనుప కళ్లేలు, నాడాలు, అంకవన్నెలు నేలలోనే ఉండిపోయి, వాటి మీద బిగించిన రాగి, కంచు, ఇత్తడి అలంకారాలే బయటికి వస్తాయి. ఒక్కమాటలో చెప్పాలంటే, గుర్రపు సామానులో ఎక్కువ పనిచేసిన భాగం కన్నా ఎక్కువ మెరిసిన భాగమే సేకరణల్లోకి చేరుతోంది. తోలు, తాడు, గుడ్డ, కొయ్య సాధారణంగా ఎప్పుడో కుళ్లిపోయి ఉంటాయి. మిగిలిన లోహాన్ని బట్టి, లేని తోలుపట్టెను ఊహించగలగడమే ఈ విద్యలోని సారం.

కనుక చేతికందిన ముక్కను చూసి అడగవలసిన మొదటి ప్రశ్న 'ఇది ఏ కాలానిది' అన్నది కాదు. 'ఇది దేనికి తగిలించి ఉండేది, బరువు ఎటువైపు పడేది' అన్నది. వెనుకవైపు రివెట్లున్నాయా, కొక్కెం ఉందా, పట్టె దూర్చడానికి దీర్ఘచతురస్రాకారపు సందు ఉందా చూడాలి. ఆ సందు వెడల్పే పట్టె వెడల్పు. మనిషి నడుముకు కట్టే పట్టెకూ, గుర్రపు పొట్ట కింద బిగించే పట్టెకూ తేడా చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. అరిగిన చోటు కూడా ముఖ్యమే. వలయం పైభాగం అరిగితే అది వేలాడిన వస్తువు. లోపలి అంచు ఒకే పక్క నున్నబడితే దాని గుండా తోలు జారుతూ ఉండేదన్నమాట. అరుగుదల ఏమాత్రం లేకపోతే అది నకలేమో అని అనుమానించాలి.

గుర్రానిదా, ఎద్దుదా?

నాడా కనిపించగానే గుర్రమే గుర్తొస్తుంది. ఈ విషయంలో తెలుగు పల్లెల నేపథ్యం ఉన్నవారికి కాస్త అనుకూలత ఉంది. ఎడ్లకు లాడాలు కొట్టడం చూసినవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. గుర్రపు డెక్క ఒకే ముక్క కనుక దాని నాడా అర్ధచంద్రాకారంలో వంగి ఉంటుంది. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కనుక లాడం కూడా ఒక్కో కాలికి రెండు పలుచని బిళ్లలుగా, వెలుపలి అంచున మేకుల రంధ్రాలతో ఉంటుంది. ఇంగ్లండ్‌లోనూ ఒకప్పుడు ఎడ్లతో దున్నారు, ఎడ్లను దూరపు సంతలకు తోలారు. అందువల్ల అక్కడి పొలాల్లో కూడా ఈ బిళ్లలు దొరుకుతాయి. విరిగిన గుర్రపు నాడాగా వాటిని పొరబడటం సులభం.

గుర్రపు నాడాలకు కాలం కట్టడానికి రంధ్రాలే ఆధారం. నార్మన్ల కాలంలో, అంటే సుమారు 11 నుంచి 13వ శతాబ్దం వరకు వాడిన నాడాలు సన్నగా ఉంటాయి. ఇరుకైన ఇనుప పట్టీకి పెద్ద రంధ్రాలు గుద్దడంతో వెలుపలి అంచు అలల్లా ఉబ్బుతుంది. ఈ అలల అంచు ఒక్కటి కనిపిస్తే చాలు, సందేహం చాలామటుకు తీరుతుంది. వాటికి వాడిన మేకుల తలలు వయొలిన్ బిరడాల ఆకారంలో ఉండేవి. మేకు విడిగా దొరికినా పోల్చవచ్చు. ఆ తర్వాత పట్టీ వెడల్పయి, అంచు నున్నబడింది. మేకుల తలలు కూర్చునేలా నాడా పొడవునా గాడి తీయడం ఇంకా తర్వాతి కాలపు లక్షణం. 19వ శతాబ్దంలో యంత్రాలు ప్రవేశించాయి. అమెరికాలోని ట్రాయ్ నగరంలో హెన్రీ బర్డెన్ నాడాలు తయారుచేసే యంత్రానికి 1835లో పేటెంటు పొందారు. తర్వాత మెరుగుపరచిన యంత్రం నిమిషానికి 60 నాడాలు విడిచేది. అచ్చుపోసినట్టు సమానంగా ఉన్న నాడా దొరికితే అది ఈ తరువాతి యుగానిదని భావించవచ్చు.

ఇళ్ల గుమ్మాలకు నాడా కొట్టుకునే ఆచారం వల్ల పాత నాడాలకు ఇక్కడా అక్కడా మంచి గిరాకీ ఉంది. అదృష్టం కోసం కొనేవారు దాని శతాబ్దం అడగరు. అందుకే దొరికిన చోటు వివరాలు మొదట మాయమయ్యేది ఈ వస్తువు విషయంలోనే.

కళ్లెం, పగ్గాలు

గుర్రం నోట్లో ఉండే ఇనుప కడ్డీ కళ్లేనికి ప్రాణం. సాదా రకంలో రెండు చిన్న కడ్డీలు మధ్యలో గొలుసు లంకెల్లా కలుస్తాయి. రెండు చివరలా వలయాలుంటాయి, పగ్గాలు వాటికే కట్టేవారు. లంకె కలిసేచోట ఇనుము సన్నగా అరిగి ఉంటుంది. రెండో రకంలో నోటి పక్కల నిలువు కొమ్మలు దిగుతాయి. పగ్గం లాగితే అవి మీటలా పనిచేసి దవడ మీద ఒత్తిడి పెంచుతాయి. ఈ కొమ్మల మీద గుండ్రంగా ఉబ్బిన రాగి లేదా ఇత్తడి బిళ్లలు అలంకారంగా బిగించేవారు. ఇనుము తుప్పు పట్టి రాలిపోతే ఆ బిళ్లే మిగులుతుంది. దాన్ని డాలు మీది బొడిపెగానో, పెట్టె మీది పువ్వుగానో అనుకునేవారున్నారు. వెనుకవైపు అంచున కనిపించే చిన్న రంధ్రాలు, ఇనుప తుప్పు మరక అసలు సంగతి చెబుతాయి.

రథాలు, బండ్ల విషయంలో ముఖ్యమైనవి పగ్గాల కడియాలు. కాడి మీద వరుసగా బిగించిన ఈ కడియాల గుండా పగ్గాలు పోయేవి. అప్పుడు అవి చిక్కుపడకుండా తోలేవాడి చేతికి వచ్చేవి. ఇంగ్లీషులో వీటిని టెరెట్‌లంటారు. కడియం అడుగుభాగం మిగతాదానికన్నా వేరుగా, సన్నగానో చదునుగానో ఉంటుంది. కాడికి తోలుతో కట్టేది అక్కడే. రోమన్ల రాకకు ముందూ, వచ్చిన కొత్తలోనూ బ్రిటన్‌లో వీటిమీద ఎర్రని ఎనామెల్ నింపిన వంపుల అలంకరణ చేసేవారు. కడియం ఒక్కటే దొరికితే, చేతికి తొడిగే ఆభరణంగా పొరబడే అవకాశం ఉంది. చదునైన అడుగు చూడటమే దానికి విరుగుడు.

చక్రం జారిపోకుండా ఇరుసు చివర దిగ్గొట్టే చీలను ఇక్కడి రైతులు కడసీల అంటారు. అదే వస్తువు, అదే పని, ఆ కాలపు బ్రిటన్‌లో ఇనుప కాడకు కంచు తలతో కనిపిస్తుంది. దీనికి ఇంగ్లీషు పుస్తకాల నుంచి కొత్త పేరు తెచ్చుకోవలసిన అవసరమే లేదు.

పట్టెలు ఒకదాన్నొకటి దాటేచోట బిగించే అలంకార ముక్కలు మరో తరగతి. 2018లో వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో ఒక డిటెక్టర్ ఔత్సాహికుడికి ఇలాంటి కంచు ముక్కలు దొరికాయి. ఎర్రని ఎనామెల్‌తో మెరిసే ఆ ముక్కలు చూడటానికి రవికె పిన్నుల్లాగో, పతకాల్లాగో ఉండవచ్చు. కానీ వెనుకవైపున్న పట్టె కొక్కేలు అవి గుర్రపు సామానని చెప్పాయి. ఆ గుర్తింపు వల్లనే నిపుణులు అక్కడికి వెళ్లి తవ్వారు. నేల అడుగున రెండు చక్రాల ఇనుప పట్టాలు, ఒక ఇనుప కత్తి బయటపడ్డాయి. రథంతోపాటు మనిషిని పూడ్చిన సమాధి వేల్స్‌లో దొరకడం అదే మొదటిసారి.

అంకవన్నె మీది రేకు

ఈ రంగంలో సామాన్య ఔత్సాహికులు విద్వాంసులకు నేర్పిన పాఠం ఒకటుంది. 11వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అంకవన్నెను జీనుకు కట్టిన తోలుపట్టె మీద, సరిగ్గా అంకవన్నె పైన, చిన్న కంచు రేకు బిగించేవారు. తరచూ త్రికోణాకారంలో ఉండే ఈ రేకు మీద సింహం, పాము, తీగె వంటి బొమ్మలుంటాయి. మ్యూజియంలలో ఇలాంటివి కొన్ని ఉన్నా, వాటిని ఎక్కడ వాడారన్న విషయం చాలాకాలం స్పష్టం కాలేదు. పొలాల్లో డిటెక్టర్లకు ఇవి వందల సంఖ్యలో దొరకడం మొదలయ్యాకనే పోలికలు కుదిరాయి. 1997లో డేవిడ్ విలియమ్స్ వీటికి ప్రత్యేకంగా ఒక జాబితా గ్రంథమే ప్రచురించారు. గుర్తించే సూత్రం సులభం. రేకు అడుగు అంచు దాదాపు లంబకోణంలో వెనక్కి వంగి ఉంటుంది, రివెట్ల రంధ్రాల్లో ఇనుప తుప్పు ఉంటుంది. ఆ వంపు అంకవన్నె మీద ఆనుకోవడానికే.

12 నుంచి 15వ శతాబ్దపు తొలినాళ్ల దాకా వాడిన అశ్వ పతకాలు ఔత్సాహికులను అన్నింటికన్నా ఎక్కువ ఊరిస్తాయి. డాలు, గుండ్రని బిళ్ల, నాలుగు రేకుల పువ్వు, వాలు చతురస్రం వంటి ఆకారాల్లో ఉండే ఈ చిన్న రాగి మిశ్రమపు పతకాలను గుర్రపు రొమ్ముపట్టె మీద, తలపట్టె మీద వేలాడదీసేవారు. పైన చిన్న కొక్కెం వలయం, ముందువైపు బంగారు పూత లేదా ఎనామెల్ రంగులు, వాటిలో వంశచిహ్నాలు ఉంటాయి. మూడు సింహాలు కనిపించగానే ఇది ఇంగ్లండ్ రాజుగారి గుర్రానిదని దొరికినవారు సంబరపడటం సహజం. అయితే రాజచిహ్నాన్ని రాజే ధరించాలని లేదు. కొలువులో ఉన్నవారు, అనుచరులు, ఆ వంశం పట్ల విధేయత చాటుకోదలచినవారు కూడా వాటిని వాడారు. పార్టీ కండువా వేసుకున్న ప్రతివాడూ నాయకుడు కానట్టే. కొన్ని పతకాలు గుర్రానివి కాక వేటకుక్క మెడపట్టెవి కూడా కావచ్చు. లండన్ మ్యూజియం తవ్వకాల ఆధారంగా జాన్ క్లార్క్ సంపాదకత్వంలో 1995లో వెలువడిన మధ్యయుగ అశ్వసామగ్రి గ్రంథం ఈ పోలికలకు ఇప్పటికీ మొదటి మెట్టు. తేదీ తెలిసిన మట్టిపొరల నుంచి వచ్చిన వస్తువులు అందులో ఉండటమే దాని బలం.

మువ్వలు, ఇత్తడి బిళ్లలు

చీలిక నోరు, లోపల కదిలే గుండు ఉన్న గుండ్రని మువ్వను తెలుగు పాఠకులకు వర్ణించనక్కరలేదు. ఇరుకు దారుల్లో ఎదురుబండిని హెచ్చరించడానికి ఇంగ్లండ్‌లో బండి గుర్రాలకు వీటిని కట్టేవారు. 18వ శతాబ్దం నాటి వాటి మీద తయారీదారు పొడి అక్షరాలు పోతలోనే వచ్చేలా చేసేవారు. విల్ట్‌షైర్‌లోని ఆల్డ్‌బోర్న్ గ్రామంలో గంటలు పోసిన రాబర్ట్ వెల్స్ అక్షరాలు 'ఆర్, డబ్ల్యూ' ఎక్కువగా కనిపిస్తాయి. ఆ రెండు అక్షరాలుంటే ఊరూ కాలమూ ఒకేసారి తెలిసిపోతాయి. అక్షరాలు లేని మువ్వ మాత్రం గొర్రెదో, ఆవుదో, కుక్కదో కూడా కావచ్చు. చీలిక నోట్లో మట్టి నిండి మూగబోయిన మువ్వను నీళ్లలో నెమ్మదిగా కడిగితే కొన్నిసార్లు మళ్లీ మోగుతుంది. అది విన్నవారు ఈ వ్యాపకాన్ని మానలేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

సూర్యుడు, నెలవంక, హృదయం ఆకారాల్లో ఉండే పెద్ద ఇత్తడి బిళ్లల సంగతి వేరు. ఇవి దిష్టి తగలకుండా ప్రాచీనకాలం నుంచి వస్తున్న రక్షలని దుకాణదారులు చెబుతుంటారు. పొలాల్లో, సంతల్లో దొరికేవాటిలో అత్యధికం 19వ శతాబ్దపు బండి గుర్రాలవే. పోత పోసినవి బరువుగా, వెనుక వైపు అచ్చు నుంచి తీసిన మొనల ఆనవాళ్లతో ఉంటాయి. ఆ శతాబ్దం చివరి దశకాల్లో వచ్చిన ముద్ర గుద్దిన రకం పలుచగా, తేలికగా ఉంటుంది. తర్వాత గోడలకు తగిలించుకోవడానికి లక్షల్లో నకళ్లు తయారయ్యాయి. వాటికి తోలు ఒరిసిన జాడ ఉండదు.

అమెరికాలో ఇదే వ్యాపకం అంతర్యుద్ధపు శిబిరాల చుట్టూ తిరుగుతుంది. అక్కడ 1859లో సైన్యం స్వీకరించిన మెక్లెలన్ జీను ముందుభాగం మీద చిన్న ఇత్తడి డాలు బిగించేవారు. దానిమీద 11, 11½, 12 అంగుళాలు అని కూర్చునే భాగపు కొలత చెక్కి ఉండేది. తోలూ కొయ్యా పోయాక ఆ అంకె ఒక్కటే మట్టిలో మిగిలితే, అదేదో సైనిక దళం సంఖ్య అని పొరబడవచ్చు. ఫెడరల్ ప్రభుత్వ భూముల్లో అనుమతి లేకుండా ప్రాచీన అవశేషాలు తవ్వి తీయడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం.

చింతపండు వద్దు

వస్తువు దొరికిన క్షణం నుంచి దాన్ని పాడుచేసే శక్తి మట్టికన్నా మనిషికే ఎక్కువ. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినట్టు తోమితే, పచ్చని చిలుముతోపాటు దానికింద దాగిన బంగారు పూత, ఎనామెల్ గుంటల్లోని రంగు కూడా పోతాయి. కొన్ని సందర్భాల్లో ఆ చిలుము పొరే అసలు ఉపరితలాన్ని నిలిపి ఉంచుతుంది. ఇనుప వస్తువుల విషయంలో తీగ బ్రష్షు మరింత ప్రమాదం. మధ్యయుగపు కళ్లేలకు, రౌతులు మడమకు కట్టుకునే ముళ్లకు తగరపు పూత వేసేవారు. మన రాగి పాత్రలకు వేసే కళాయి లాంటిదే. తుప్పు గడ్డను ఎక్స్‌రే తీస్తే ఆ పూత కనిపిస్తుంది. గీకేస్తే ఇక ఎప్పటికీ కనిపించదు. మెత్తని కుంచె, పొడి డబ్బా, చుట్టూ ఉన్న మట్టిలో కొంత భాగం, కొలబద్దతో రెండు వైపులా ఫొటోలు, దొరికిన చోటు కచ్చితమైన నిర్దేశాంకాలు: తొలిరోజు ఇంతకుమించి ఏమీ అవసరం లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలా నమోదు చేసుకోవడానికి 1997లో మొదలైన స్వచ్ఛంద పథకం ఉంది. బ్రిటిష్ మ్యూజియం, వేల్స్ జాతీయ మ్యూజియం నడిపే ఈ పథకం జాబితాలో 15 లక్షలకు పైగా వస్తువులు చేరాయి. 1996 నాటి నిధుల చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటి, కనీసం పది శాతం బంగారం లేదా వెండి ఉన్న వస్తువు దొరికితే 14 రోజుల్లో అధికారులకు తెలియజేయాలి. సాదా గుర్రపు బకిల్‌కు ఈ బాధ్యత వర్తించదు, నమోదు దొరికినవారి ఇష్టం. చరిత్రకు విశేష ప్రాముఖ్యం ఉన్న 200 ఏళ్లు దాటిన వస్తువులను కూడా 2023లో చట్టం పరిధిలోకి తెచ్చారు. భూయజమాని అనుమతి తప్పనిసరి. నాగలి కదిలించిన పైమట్టి దాటి లోతుకు పోకూడదన్నది ఔత్సాహికుల నియమావళిలోని ముఖ్యాంశం. పైమట్టిలో ఉన్నది ఎలాగూ చోటు మారినదే. దాని అడుగున ఉన్నది మాత్రం పాతిపెట్టిననాడు ఎలా ఉందో అలాగే ఉండవచ్చు.

మన నేలలో

భారతదేశంలో గుర్రం సైన్యానికి, సంపన్నులకు చెందిన జంతువు. విజయనగర రాజులు అరబ్బు, పోర్చుగీసు వర్తకుల నుంచి గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకున్నారు. తెలుగు పొలాల్లో మువ్వ, లాడం, కడసీల దొరికితే అది ఎద్దుదయ్యే అవకాశమే ఎక్కువ. పేర్లలో కూడా ఆ చరిత్ర ఉంది. పగ్గం ఎద్దుకూ గుర్రానికీ ఒకటే. జీను, రికాబు, లగాము మాత్రం పారసీ, అరబ్బీ భాషల నుంచి అశ్వదళాలతో కలిసి వచ్చాయి. సంస్కృతంలో కళ్లేన్ని చెప్పే ఖలీన శబ్దం గ్రీకు నుంచి వచ్చిందని పలువురు భాషావేత్తల అభిప్రాయం. అంటే పదాలు కూడా గుర్రాలెక్కి ప్రయాణించాయి.

దక్షిణాపథంలో పాత అశ్వసామగ్రికి పేరుపొందిన చోటు తెలంగాణ సరిహద్దుకు ఉత్తరాన ఉన్న విదర్భ. నాగపూర్ చుట్టుపక్కల రాళ్లు వలయంగా పేర్చిన సమాధులు వందలాదిగా ఉన్నాయి. జూనాపానీలో రివెట్ కార్నాక్ అనే బ్రిటిష్ అధికారి 1860లలోనే తవ్వించారు. మాహుర్‌ఝరీలో నాగపూర్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.బి. దేవ్ 1970ల తొలినాళ్లలో తవ్వకాలు జరిపారు. క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దికి చెందిన ఈ సమాధుల్లో గుర్రపు ఎముకలు, ఇనుప కళ్లేలు, గుర్రం ముఖానికి అలంకారంగా కట్టిన రాగి రేకులు కలిసి దొరికాయి. ఆ రేకులే విడిగా సంతకు వచ్చి ఉంటే పాత్ర అంచులనో, కవచం ముక్కలనో అనుకునేవారు. పక్కన గుర్రం ఉంది కనుక గుర్రానివయ్యాయి.

ఇలాంటి రాతి వలయాలు తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో కూడా ఉన్నాయి. వాటిలో చాలా వాటికి రక్షణ లేదు. గుప్తనిధుల ఆశతో రాత్రిళ్లు డిటెక్టర్లు పట్టుకుని కోటల్లో, పాడుబడిన గుళ్లలో తవ్వేవారి మీద పోలీసు కేసులు రెండు రాష్ట్రాల్లోనూ తరచూ నమోదవుతూనే ఉంటాయి. బంగారం కోసం తవ్వేవాడికి తుప్పు పట్టిన కళ్లెం చెత్త. పక్కకు విసిరేసి పోతాడు. తెల్లవారాక ఆ గుంతలో ఏది ఎక్కడుండేదో చెప్పగలవారు ఉండరు.

బ్రిటన్ తరహా వ్యాపకానికి భారతీయ చట్టాల్లో చోటు చాలా తక్కువ. రక్షిత కట్టడాల పరిధిలో అనుమతి లేని తవ్వకాన్ని 1958 నాటి చట్టం నిషేధిస్తుంది. వందేళ్లు దాటిన వస్తువు 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం కింద పురావస్తువు అవుతుంది, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. దున్నుతుండగానో, బావి తవ్వుతుండగానో అనుకోకుండా దొరికిన వస్తువులకు వర్తించేది 1878 నాటి నిధుల చట్టం. పది రూపాయల విలువ దాటినది ఏది భూమిలో దొరికినా వీలైనంత త్వరగా కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. వస్తువును దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు తెచ్చి చూపుతానని పూచీ ఇవ్వాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. కలెక్టర్‌కు ఇచ్చే ఆ నోటీసులో ఏమేమి ఉండాలో కూడా చట్టం చెప్పింది: వస్తువు ఎటువంటిది, సుమారు విలువ ఎంత, ఏ చోట దొరికింది, ఏ తేదీన దొరికింది.